పై అయిదు మెట్లు

ఆ ఏడు వానలు మొదలైన పది రోజులకు మా నాన్న కీబోర్డు మొండికేసింది. వాయిస్తుంటే ఉన్నట్టుండి బుర్రుమని రొద చేసేది. కింది మెట్లు మూడు నొక్కితే ఒకటి పలికేది, రెండు ఊరుకునేవి. ఆ పెట్టె నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. చెక్క ఒళ్ళు, అరవయ్యొక్క మెట్లు, ఇద్దరు పడితే గానీ లేవని బరువు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అయినా నాన్న ఇంకో కీబోర్డు మీద చెయ్యి వేసేవాడు కాదు. కొత్తవాటి మీద వాయిస్తే దువ్వెన మీద వాయించినట్టుంటుందని వెక్కిరించేవాడు.

నాన్నని ఊరంతా మాస్టారనే పిలిచేది. పొద్దునా సాయంత్రం ఇంట్లో పిల్లలకు సంగీతం చెప్పేవాడు. వానలు వెనకబట్టాక నాలుగు నెలలపాటు ట్రూపుతో కచేరీలకు తిరిగేవాడు. ఏడాదిలో ఆయన నిజంగా బతికేది ఆ నాలుగు నెలలే, మిగతా ఎనిమిది నెలలూ మమ్మల్ని తిట్టుకుంటూ గడిపేవాడు. ట్రూపు ప్రతి కచేరీ ఆయన కట్టిన ప్రారంభ గీతంతో మొదలయ్యేది. అది చివర్లో మెట్టు మెట్టుగా పైకెక్కి, కీబోర్డు చిట్టచివరి అయిదు మెట్ల మీద సన్నటి ఈలలాగా ముగుస్తుంది. అక్కడ చప్పట్లు పడని కచేరీ లేదు.

నేను ఆయన ఒక్కగానొక్క కూతుర్ని. ముందుగదిలో బల్ల వేసుకుని రేడియోలు, ఆంప్లిఫయర్లు, మిక్సీలు బాగుచేసేదాన్ని. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న నన్ను హార్మోనియం ముందు కూర్చోబెట్టి మూడో రోజున లేపేశాడు. "దీనికి చెవుల్లేవు. ఇది దుంగ" అని తేల్చేశాడు. ఇంక ఆ ఇంట్లో నా పేరు దుంగే. పిలవగా పిలవగా అమ్మకి కూడా అలవాటైపోయింది.

కీబోర్డు సంగతి ట్రూపు లీడరు చెవిన పడింది. ఒకప్పుడు నాన్న దగ్గర తాళం నేర్చుకున్నవాడే. ఫోన్ చేసి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి అసలు మాట అనేశాడు.

"పెట్టె పాతబడిపోయింది మాస్టారూ. స్టేజీ మీద మొరాయిస్తే నా పరువు పోతుంది. వానలు తగ్గేలోపు బాగుచేయించండి. నేనే వచ్చి వింటాను. మీ ప్రారంభ గీతం మొత్తం, మొదట్నుంచి చివరిదాకా. అది సరిగ్గా వస్తే మనం ఎప్పట్లాగే. లేకపోతే ఈ ఏడుకి ఇంకొకర్ని చూసుకుంటాను, ఏమనుకోకండి."

నాన్న ఒంటికాలి మీద లేచాడు. "నన్ను వింటాడట, వీడు! చెంబు మీద దరువు వేసుకునేవాణ్ణి మనిషిని చేస్తే, నన్నే పరీక్ష చేస్తాడట!" ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఏమే దుంగా, చేతనవుతుందా?"

"చూస్తాను నాన్నా."

"చూడ్డానికి నేనూ చూస్తాను. చెయ్యగలవా లేదా?"

చేస్తానన్నాను. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన నన్ను ఒక పని అడగడం అదే మొదలు.

పెట్టె విప్పితే లోపల బొద్దింకలు మూడు తరాలుగా కాపురం చేస్తున్నాయి. వాటిని ఖాళీ చేయించి చూశాను. పద్నాలుగు కెపాసిటర్లు తలలు ఉబ్బి కూర్చున్నాయి. కొన్ని కారిపోయి కింది రాగి గీతల్ని పచ్చగా తినేశాయి. మెట్ల కింది రబ్బరు ముక్కలు గట్టిపడి గోళ్ళల్లా అయ్యాయి. స్వరాలు పుట్టించే చిప్పుల్లో ఒకటి పూర్తిగా పోయింది. అది ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదు. పాత సామాన్ల కొట్లన్నీ తిరిగితే ఇలాంటిదే, నడుము విరిగిన పెట్టె ఒకటి దొరికింది. దాని కడుపు కోసి ఆ చిప్పు తీశాను. తినేసిన రాగి గీతల బదులు వెంట్రుకంత వైర్లు ఒక్కొక్కటే అతికాను. చూపుడు వేలు రెండుసార్లు కాలింది. పద్దెనిమిది రోజులు పట్టింది.

ఈలోగా నాన్నకు జ్వరం వచ్చి తగ్గింది. వారం రోజులు మంచం దిగలేదు, చెవుల్లో హోరు హోరంటోందని ఒకటి రెండుసార్లు అన్నాడు. జ్వరం అన్నాక అలాగే ఉంటుందని ఎవరం పట్టించుకోలేదు.

పెట్టె సిద్ధమైన రోజు ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. కింది మెట్ల నుంచి మొదలుపెట్టాడు. రొద లేదు. మొదటి అయిదారు స్వరాలకే ఆయన మొహం వెలిగింది. "భేష్" అనే మాట ఆయన పెదాల దాకా వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. వేళ్ళు పైకి వెళ్ళేకొద్దీ ఆ వెలుగు తగ్గుతూ వచ్చింది. చివరి మెట్లను పొడిచి పొడిచి నొక్కాడు.

"చచ్చాయి. పై అయిదూ చచ్చాయి. వాటి పక్కవి బొంగురుపోయాయి."

నాకు శుభ్రంగా వినపడ్డాయి. "పలుకుతున్నాయి కదా నాన్నా, నాకు వినపడ్డాయి."

"నీకా?" అని నవ్వాడు. "నీకు వినపడ్డాక ఇంకేం కావాలి! ట్రూపులో నిన్నే పెట్టుకోమంటాను."

వంటింట్లోకి వెళ్ళి, కూరగాయలు తరుగుతున్న అమ్మని అడిగాను. "నీకు వినపడిందా లేదా?"

అమ్మ కత్తిపీట మీంచి తలెత్తలేదు. "ఆయన లేదంటే లేనట్టే. ఆయనతో నేను వాదించి ఎన్నాళ్ళయిందో నీకు తెలీదా?"

మీరు నవ్వినా సరే, నాన్న చెప్పిందే నిజమని నేను నమ్మాను. ఆ ఇంట్లో ఆయన చెవికి తిరుగులేదు. పక్క వీధిలో గంట మోగితే అది ఏ స్వరమో చెప్పే మనిషి. నేను దుంగని. నాకు వినపడినదంతా నా భ్రమేమో అనుకున్నాను. స్వరాన్ని గీతగా చూపించే చిన్న తెర ఒకటి నా బల్ల మీద ఉంది. పై మెట్లు నొక్కితే ఆ తెర మీద గీతలు చక్కగా వంకర్లు తిరిగాయి. అప్పుడు తెరే పాడైందనుకున్నాను. బాగున్న చిప్పు తీసి మళ్ళీ వేశాను. బాగున్న రబ్బరు మార్చాను. స్పీకరు మార్చాను. ప్రతిసారీ ఆయన వచ్చి కూర్చునేవాడు, పొడిచి చూసేవాడు, తిట్టేవాడు.

"నీ చేతిలో పడ్డాక శవమైంది. నలభై ఏళ్ళు ప్రాణంగా చూసుకున్నాను, నలభై రోజుల్లో చంపేశావు."

నా కళ్ళు తెరిపించింది ఆ పెట్టె నిర్మాణమే. అందులో మెట్లన్నీ ఎనిమిదేసి ఒక జట్టు, జట్టుకో వైరు. చివర మిగిలిన అయిదింటికీ ఇంకో వైరు. మిషను పాడైతే జట్టు మొత్తం పోవాలి, లేదా ఒక్క మెట్టు పోవాలి. ఇక్కడ అలా లేదు. అయిదు చచ్చాయి, వాటి పక్కవి బొంగురు, వాటి పక్కవి కాస్త బొంగురు అంటున్నాడు. వైర్లకు అలా కొంచెం కొంచెంగా పాడవడం తెలీదు. మనుషులకే తెలుసు.

ఆ మధ్యాహ్నమే పరీక్ష చేశాను. వైర్లన్నీ తగిలించి పిలిచాను. ఆయన పై మెట్టు నొక్కితే ఈల ఎంత గట్టిగా వచ్చిందంటే వంటింట్లో అమ్మ చేతిలో గరిటె జారింది.

"చచ్చిందే" అన్నాడు నాన్న.

"ఒక్క నిమిషం" అని పెట్టె వెనక్కి వెళ్ళి, పై అయిదింటి వైరు ఊడదీశాను. "ఇప్పుడు చూడు నాన్నా, ఇంకోటి మార్చాను."

నొక్కాడు. ఈసారి చెక్క మీద వేలు పడిన టక్కు తప్ప ఏమీ లేదు.

"ఇదీ అంతే. తేడా ఏముంది?" అన్నాడు.

పోయింది మెట్లు కావు, నాన్న చెవి. జాలి వేసింది, వెయ్యలేదనను. వైరు తగిలించి, మెల్లగా అమ్మ చేత చెప్పిద్దామనుకున్నాను. ఈలోగా సాయంత్రం పాఠానికి పిల్లలు వచ్చేశారు, పదిమంది. నాన్న నన్ను చెయ్యి పట్టుకుని వాళ్ళ ముందుకి లాక్కెళ్ళాడు.

"చూడండర్రా, ఇది నా కూతురు. చెవుల్లేకుండా పుట్టింది. చెవుల్లేనివాళ్ళు సంగీతం జోలికి వస్తే ఏమవుతుందో దీన్ని చూసి నేర్చుకోండి. నలభై రోజులుగా నా పెట్టెని చిత్రవధ చేస్తోంది." నా వైపు తిరిగాడు. "చెప్పు. నాకు చెవుల్లేవని చెప్పు వీళ్ళకి."

"నాన్నా, ఇప్పుడొద్దు."

"చెప్పవే!"

"నాకు చెవుల్లేవు" అన్నాను.

"వెనక వాళ్ళకి వినపడలేదు."

మళ్ళీ చెప్పాను. వెనక వాళ్ళు కిసుక్కుమన్నారు. ముందు వరసలో చిన్నపిల్ల ఒకతె, ఎనిమిదేళ్ళుంటాయేమో, నవ్వకుండా నన్నే చూస్తూ కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ముందుగదిలోకి వచ్చి దీపం ఆర్పి కూర్చున్నాను. వైరు తగిలించలేదు.

మర్నాడు సాయంత్రం వచ్చి వింటానన్న లీడరు పొద్దున పది గంటలకే తయారయ్యాడు. అమ్మ వసారాలో కుర్చీ వేసి టీ పెట్టడానికి వెళ్ళింది. నేను ముందుగదిలో పెట్టె వెనక పలక బిగిస్తున్నాను. ఆరు స్క్రూల్లో అయిదు పడ్డాయి. వైరు ఇంకా ఊడే ఉంది. బిగించేలోపు తగిలిద్దామా వద్దా అని నేను ఇంకా తేల్చుకోలేదు. నాన్న లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు. ఆయన గొంతు అంత తగ్గి ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"నిజం చెప్పు. పై మెట్లు పలుకుతున్నాయా?"

నేను ఆయన మొహం చూశాను.

"నాకు వినపడ్డం లేదే. ఆ జ్వరం తర్వాత నుంచీ అంతే. వాన కూడా సగమే వినిపిస్తోంది" అన్నాడు. "నీ రిపేరులో తప్పేం లేదు. నాకు మొదటి వారమే తెలిసింది."

"మొదటి వారమే తెలిస్తే, మరి నన్నెందుకు అన్ని మాటలన్నావు?"

"ఎవర్నో ఒకర్ని అనాలి కదే" అన్నాడు, అదేదో నాకు ముందే తెలిసుండాల్సిన సంగతిలాగా. "పెట్టె పాడైందంటే బాగుచేయించుకోవచ్చు. మాస్టారు పాడయ్యాడంటే ఎవడు పిలుస్తాడు? సరేలే. నా వేళ్ళకి దారి తెలుసు, చెవుల్లేకపోయినా వాయించేస్తాను. అది పలికితే చాలు. పలుకుతోందని నువ్వు ఒక్కమాట చెప్పు, వెళ్ళి కూర్చుంటాను."

స్క్రూ నా వేళ్ళ మధ్యే ఉంది. పలక తీసి వైరు తగిలించడం నిమిషం పని. లీడరు టీ తాగడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

"పలుకుతున్నాయి నాన్నా" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. నేను ఆరో స్క్రూ బిగించాను.

నేనూ లీడరూ చెరోవైపు పట్టి పెట్టెని హాల్లోకి చేర్చాం. నాన్న కూర్చుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఏమాటకామాటే చెప్పాలి, ఆయన అంత బాగా వాయించగా నేను ఎన్నడూ వినలేదు. లీడరు చెయ్యి దానంతట అదే తొడ మీద తాళం వేసింది. అమ్మ టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది. గీతం మలుపులన్నీ దాటి, చివరి ఎక్కుడు ఎక్కింది. అక్కడితో ఆగిపోయింది. ఆగింది పెట్టె ఒక్కటే. నాన్న వేళ్ళు ఆగలేదు. పై అయిదు మెట్ల మీద అవి పరిగెత్తాయి, తిరిగాయి, చిట్టచివరి మెట్టు మీద నిలిచాయి. చెక్క టక టక మంది. చూరు మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడింది. ఆయన ఆ మెట్టుని అలాగే నొక్కిపట్టి, తల ఊపుతూ, నాలుగు తాళాల సేపు లేని స్వరాన్ని ఆస్వాదించాడు.

నాకు సంతోషం వేసింది. దాచుకుని ఏం లాభం? కడుపు నిండినట్టనిపించింది.

కళ్ళు తెరిచి, "ఎలా ఉందోయ్?" అన్నాడు నాన్న.

లీడరు నేల చూపులు చూశాడు. "మీ చేతికి తిరుగేముంది మాస్టారూ." టీ సగం తాగి లేచాడు. "కబురు చేస్తాను."

గేటు దాకా నేనే వెళ్ళాను. చెప్పులు వేసుకుంటూ అడిగాడు, "ఆయనకి వినపడక ఎన్నాళ్ళయిందమ్మా?"

వైరు ఊడిపోయింది, అది నా తప్పు, మళ్ళీ వచ్చి వినండి అనొచ్చు. "ఈ వానాకాలం నుంచేనండీ" అన్నాను.

తిరిగొచ్చేసరికి అమ్మ హాల్లో గ్లాసులు తీస్తోంది. నాన్న పెరట్లో ఎవరితోనో ఫోన్లో గొప్పలు చెప్పుకుంటున్నాడు. అమ్మ నా మొహంలోకి చూడకుండానే అడిగింది.

"ఊడిందా, ఊడదీశావా?"

అమ్మ గ్లాసులో మిగిలిన టీ కుండీలో వంపింది. "ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తాడు. అప్పుడు పెట్టెయ్యి" అని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నాతో మాట్లాడేది కూడా అవసరమైనంత మేరకే.

మధ్యాహ్నం పెట్టేశాను. ఆ పెట్టె ఇప్పటికీ అరవయ్యొక్క మెట్లూ గంటలా పలుకుతుంది.

కబురు పదో రోజున వచ్చింది, అదీ మనిషి ద్వారా. ఈ ఏడుకి ఇంకొకాయన్ని పెట్టుకున్నారని. నాన్న ఇల్లు పీకి పందిరేస్తాడనుకున్నాను. అరవలేదు. కీబోర్డు ముందు కూర్చుని తన వేళ్ళని చూసుకున్నాడు.

"పెట్టె పలికింది. మరి తప్పు ఎక్కడ జరిగుంటుంది?" అన్నాడు.

ఆ రోజు నుంచీ అదే పని. పొద్దున టిఫిను కాగానే కూర్చునేవాడు. పిల్లలొస్తే రేపు రమ్మనేవాడు. ప్రారంభ గీతం మొదట్నుంచి చివరిదాకా, ఒక్క పొల్లు పోకుండా వాయించి, నన్ను పిలిచేవాడు. చెవుల సంగతి బయటపెట్టింది నా ఒక్కదానికే కదా, ఇంకెవర్నీ అడగలేడు. దుంగా అనడం మానేశాడు. అమ్మాయ్ అనేవాడు.

"అమ్మాయ్, ఇటు రా. ఎక్కడ తప్పుతున్నానో చెప్పు."

"ఎక్కడా తప్పలేదు నాన్నా."

"తప్పకపోతే వాడు నన్నెందుకు వదిలేస్తాడు? సరిగ్గా విను."

మూడు వారాలు విన్నాను. నా సంతోషం మొదటి వారానికే అయిపోయింది. ఆ తర్వాత అన్నం సయించలేదు. ఒకనాడు పొద్దున ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, మొహం కనపడేలా తిరిగి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పేశాను.

"నాన్నా, ఆ రోజు పై అయిదు మెట్లూ పలకలేదు. వైరు నేనే ఊడదీశాను. నువ్వు అడిగితే అబద్ధం చెప్పాను. నువ్వు ఎక్కడా తప్పలేదు."

కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకోసం నింద నెత్తిన వేసుకుంటున్నావా?" అన్నాడు. "నేనన్ని మాటలన్నా, నా మనసు కష్టపడకూడదని ఇంత అబద్ధమా! నీకింత మంచితనం ఉందని నాకు తెలీదే పిచ్చిదానా."

"అబద్ధం కాదు నాన్నా. అమ్మని అడుగు."

"మీ అమ్మ నేనేమంటే అదంటుంది." అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "పలకని మెట్లు పలుకుతున్నాయని కన్నతండ్రికి చెప్పేదానివైతే నువ్వు నా కూతురివే కాదు. ఆ కబుర్లు వదిలెయ్. తప్పెక్కడుందో చెప్పు. నీకు దండం పెడతాను, ఒక్కటైనా చెప్పు. దిద్దుకుంటాను."

మళ్ళీ వాయించాడు. మలుపులన్నీ వచ్చాయి, ఎక్కుడు వచ్చింది, ఈల వచ్చి హాలంతా నిండింది. గీతంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆయన చేతులు మెట్ల మీదే ఉంచి, నా పెదాల వైపు చూస్తున్నాడు.

"చివరి ఎక్కుడు దగ్గర" అన్నాను. "నాలుగో వేలు ఆలస్యంగా పడుతోంది."

ఆయన మొహం తేటపడింది. "అదీ! నాకూ అనుమానంగానే ఉంది." నాలుగో వేలు ఒంచి, విరిచి, ఆ ముక్కని నెమ్మదిగా, కొత్త పద్ధతిలో మొదలుపెట్టాడు. వేలు తొందరపడి పక్క మెట్టు మీద పడింది. నలభై ఏళ్ళలో ఆ గీతంలో మొదటి అపస్వరం అది. ఆయనకది వినపడలేదు.

"ఇప్పుడు కుదిరిందా?" అన్నాడు.

"ఇంకా లేదు నాన్నా" అన్నాను. "మళ్ళీ వాయించు."